పిలిస్తే లేచే మనిషి

ఇది నిద్ర కాదు. ఎవరేమైనా అననీ, ఇది నిద్ర కాదు. ఈ మనిషి పక్కన పడుకుని పిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసి, జుట్టు నెరిసిపోయినదాన్ని, ఈయన నిద్ర ఎలా ఉంటుందో నాకు తెలియదా? నిద్రంటే గోడలు అదిరే గురక. పక్కింటావిడ మొహమాటపడుతూ, మీ ఇంట్లో రాత్రిళ్ళు మోటారేదైనా నడుస్తుందాండీ అని అడిగిన గురక. వెల్లకిలా పడుకుంటే ఒక రకం, పక్కకి తిరిగితే ఇంకో రకం, నేను మోచేత్తో పొడిస్తే అలిగినట్టు కాసేపు ఆగి, సన్నగా మొదలై, నేను కళ్ళు మూసుకోగానే మళ్ళీ అందుకునే రకం. ఆ గురకని తిట్టుకుంటూనే బతికాను, అది వినపడని రోజున నిద్రపట్టక దొర్లాను. ఇప్పుడేదీ అది? ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, కింద నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కింది పెదవి ఎండి తొక్క లేచింది. ఛాతీ ఒకసారి పైకి లేస్తుంది, దిగుతుంది, ఇక అంతే, దిగింది దిగినట్టే ఉండిపోతుంది. నేనూ ఊపిరి బిగబట్టుకుని చూస్తాను. నాకు ఆడక నేను వదిలేసి, మళ్ళీ పీల్చుకుని, మళ్ళీ వదిలినా ఆయన మాత్రం పీల్చరు. ఇక లాభం లేదని చెయ్యెత్తి భుజం తట్టబోతానా, గొంతులో ఏదో తెగినట్టు గర్రుమని ఒక శబ్దం, ఒక పెద్ద ఊపిరి, మళ్ళీ మామూలు. మామూలేనట. ఆ మాట అన్నది నర్సు, పొద్దున.

పాపం ఆ పిల్ల చెడ్డది కాదు. పిలవగానే వచ్చింది, అదే గొప్ప. వచ్చి, తాతగారూ అని పిలిచింది. అంతే, ఈయన కళ్ళు తెరిచారు. పిలిస్తే లేవని మనిషా ఈయన! బాగున్నానమ్మా అన్నారు, మాట ముద్దముద్దగా ఉన్నా ఆ మర్యాదకేం లోటు లేదు. చూశారా ఆంటీ, పిలిస్తే పలుకుతున్నారు, మీరు ఊరికే కంగారు పడుతున్నారు అని ఆ పిల్ల వేలికి పెట్టిన క్లిప్పు సరిచేసి, మిషను మీద అంకె చూపించింది. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే అంకె, చాలా బాగుందట. బాగుండనీ, నాకేం? ఆ అంకెతో నేను కాపురం చేశానా? ఆ పిల్ల మంచం దాటి నాలుగడుగులు వేసిందో లేదో ఈయన కళ్ళు మూతలు పడ్డాయి, ఛాతీ ఆగిపోయింది. అమ్మాయ్ అని కేకేశాను. వెనక్కి వచ్చింది, తాతగారూ అంది, ఈయన కళ్ళు తెరిచారు. ఇదేం దొంగాట? మూడోసారి పిలవడానికి నాకే మొహం చెల్లలేదు.

అసలు ఈయన సంగతి తెలియని వాళ్ళకి ఏం చెప్పినా అర్థం కాదు. కోర్టులో బంట్రోతు. తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలవడం, జడ్జిగారి అడుగుల చప్పుడు వినపడగానే సైలెన్స్ అని ఒక్క అరుపు అరిచి అందరికంటే ముందు తాను నిటారుగా నిలబడటం, చెయ్యి నుదుటిదాకా ఎత్తడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఉద్యోగం అయిపోయింది గానీ అలవాటు ఒంట్లోంచి పోలేదు. బూట్ల చప్పుడు వినపడితే చాలు, వెన్ను దానంతటదే నిలబడుతుంది. కరెంటు మీటరు చూడటానికి వచ్చిన కుర్రాడికి కూడా లేచి నిలబడ్డారు, వాడి చంకలో ఫైలుందని. ఏవండీ, వాడు మన మనవడి వయసువాడండీ అంటే, వాడెవడైతేనేమే, ఆఫీసు పని మీద వచ్చాడు కదా అన్నారు. జ్వరంతో కాగిపోతున్నా ఎవరైనా పెద్దమనిషి గుమ్మంలో కనపడితే కుర్చీలోంచి లేవాల్సిందే. ఇలాంటి మనిషిని మందులో ముంచేసి, పైనుంచి ఒక తెల్లకోటు వచ్చి ఎలా ఉన్నారు పెద్దాయనా అని అడిగితే ఏమంటారు? బాగానే ఉన్నానండీ అంటారు. సగం చచ్చి ఉన్నా అదే అంటారు. ఒళ్ళు మండిపోతోంది నాకు.

ఆ డాక్టరు బూట్లు కిర్రుమంటాయి. కొత్త బూట్లేమో, వరండా ఆ చివర మొదలుపెడితే ఈ చివరికి వినపడతాయి. ఆ కిర్రు వినపడగానే ఈయన కనురెప్పలు కొట్టుకోవడం మొదలు. ఎక్కడో అడుగునున్నవాడు ఈదుకుంటూ పైకి వచ్చినట్టు, ఎంత అవస్థపడి వస్తారో. డాక్టరు మంచం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తెరిచి ఉంటాయి, చెయ్యి నుదుటిదాకా వెళుతుంది. నొప్పి ఉందా పెద్దాయనా అంటాడు. కొంచెం ఉందండీ అంటారు ఈయన. లేదంటే అంత పనిమాలా అడిగిన మనిషిని చిన్నబుచ్చినట్టవుతుందని కాబోలు. భేష్, మెలకువగా ఉన్నారు, చక్కగా మాట్లాడుతున్నారు, అవే మందులు కానివ్వండి అని నర్సుతో చెప్పి డాక్టరు పక్క మంచానికి వెళ్ళిపోతాడు. ఆయన వార్డు దాటకముందే ఈయన మునిగిపోతారు. ఆ డాక్టరు ఈ మనిషి నిద్రని ఒక్కసారి కూడా చూడలేదు. ఎలా చూస్తాడు, ఆయన వస్తున్న చప్పుడుకే ఈయన లేస్తుంటే?

దీనికి తోడు మా వదినగారు. ఈయనకి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి, ఆ మాట ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి వింటూనే ఉన్నాను. డాక్టరు వచ్చే వేళకి సరిగ్గా తడిగుడ్డ, దువ్వెన పట్టుకుని తయారవుతుంది. నాన్నా లే, డాక్టరుగారు వస్తున్నారు, మొహం తుడుచుకో, అంత పెద్దాయన వస్తే పెళ్ళికొడుకులా పడుకుంటావా అని చల్లటి గుడ్డ మొహాన వేసి రుద్ది, తల దువ్వి, దిండు ఎత్తు చేసి కూర్చోబెడుతుంది. చూసినవాళ్ళు ఎంత ప్రేమో అనుకుంటారు. ప్రేమే, కాదనను. డాక్టరు మంచివాడే, నర్సు మంచిదే, వదినగారు ప్రేమమూర్తి, ఇందరు మంచివాళ్ళు కలిసి మా ఆయన ఊపిరి తీసేస్తున్నారు. ఎవర్ని తిట్టాలో తెలియకపోతే మనిషికి ఎంత కోపం వస్తుందో నాకు ఇవాళే తెలిసింది.

అసలిదంతా బల్బుతో వచ్చింది. స్టూలెక్కి బల్బు మార్చబోయి పడ్డారు. ఏవండీ, ఎలక్ట్రీషియన్ని పిలుద్దామండీ అన్నానా, బల్బుకి ఎలక్ట్రీషియన్ ఏమిటే, నవ్విపోతారు అన్నారు. తుంటి విరిగింది. ఎముకల డాక్టరు, ఈ కిర్రుబూట్లాయనే, ఆపరేషన్ చేసి బాగా అతికించాడు, ఆ పనికి పేరు పెట్టడానికి లేదు. నొప్పికి ఇంజెక్షన్ రాశాడు. అదీ కావలసిందే, ఎముక కోసిన మనిషికి నొప్పి మందు వద్దనడానికి నేనేం రాక్షసినా? ఆ తర్వాతే వచ్చింది అసలు గొడవ. ఆపరేషనయ్యాక ఈయనకి కొంచెం మతి తప్పింది. పెద్ద వయసులో ఒక్కొక్కళ్ళకి అలా అవుతుందట, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందట. ఈయన కోర్టుకి వెళ్ళిపోయారు. మంచం మీద పడుకుని పేర్లు పిలవడం మొదలెట్టారు, వాదులు, ప్రతివాదులు, ఎప్పుడో పోయిన వాళ్ళు, ఒక్కొక్కర్నీ మూడేసిసార్లు. మధ్యలో సైలెన్స్ అని ఒక్క కేక. వార్డంతా ఉలిక్కిపడటం. మొదట నవ్వుకున్నారు. ఒక పేషెంటయితే, నా పేరు ఎప్పుడొస్తుంది తాతా అని అడిగాడు కూడా, ఈయన, వరసలో ఉందయ్యా, కూర్చో అన్నారు. తర్వాత విసుక్కున్నారు, ఫిర్యాదు చేశారు. ఇంకో డాక్టరెవరో వచ్చి అరుపుకి వేరే ఇంజెక్షన్ రాసిపెట్టి పోయాడు. నొప్పికొకటి, అరుపుకొకటి. ఆ ఇద్దరు డాక్టర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారో లేదో నాకు తెలియదు. ఇద్దరి మందులూ మాత్రం ఈయన ఒంట్లో కలుసుకున్నాయి.

ఆ అరుపేమిటో వీళ్ళకేం తెలుసు. కోర్టు ఎదురుగా నా కుట్టు దుకాణం. లాయర్ల నల్లకోట్లు కుట్టేదాన్ని, చిరిగిన చంకలు, ఊడిన గుండీలు, లావెక్కిన లాయర్లకి పక్కలు వదులు చేయడం. రోడ్డుకి ఇటు పక్క మిషను తొక్కుతూ కూర్చుంటే అటు పక్కనుంచి ఈ గొంతు వినపడేది. మనిషిని చూడకముందే గొంతు విన్నాను. ఇంత గొంతున్న మనిషి ఎంత పొడుగుంటాడో అనుకున్నాను, తీరా గుడ్డ బెల్టు కుట్టించుకోవడానికి వస్తే నా భుజం దాకా ఉన్నాడు! నాకు నవ్వాగలేదు. ఎందుకండీ నవ్వుతున్నారు అన్నాడు. మీ గొంతు మీకంటే ముందొచ్చిందండీ అన్నాను. అప్పటి నుంచి గుండీ ఊడకపోయినా ఊడబీక్కుని వచ్చేవాడు. పెళ్ళయ్యాక కూడా, మధ్యాహ్నం జడ్జిగారు లేచేటప్పుడు సైలెన్స్ అన్న అరుపు వినపడితే నాకు అన్నం సయించేది, ఇప్పుడు భోజనానికి వదులుతారు అని. ఆ గొంతుకి మందేసి నొక్కేశారు. ఎవరికో నిద్రాభంగమైందట. ఆస్పత్రికి నిద్రపోవడానికి వచ్చారా వీళ్ళంతా?

పోనీ వార్డయినా చూడండి, పట్టపగలు. ఇటు వరసలో మంచాలు, అటు వరసలో మంచాలు, కిటికీల్లోంచి ఎండ పడుతోంది, అందరూ వెల్లకిలా, నోళ్ళు తెరుచుకుని. ఎవరైనా దగ్గితే ఆశ్చర్యంగా ఉంది. ఇందాక ఎవరినో చూడటానికి ఒక కుటుంబం వచ్చింది, తలుపు దగ్గరే ఆగి, అబ్బ ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నారు. ప్రశాంతమట, నా మొహం. నర్సులిద్దరే ఇంత వార్డుకీ. ఒకర్తి మందుల బండి తోసుకుంటూ పోతుంది, ఒకర్తి గొట్టాలు, గుడ్డలు, మంచం కింద గిన్నెలు. ఆ పిల్ల పొద్దున తెచ్చుకున్న అన్నం డబ్బా ఆ టేబుల్ మీద అలాగే ఉంది, మూత తీసిన పాపాన పోలేదు. కాళ్ళు వాచి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. ఆ పిల్ల మీద కేకలేద్దామని నోరు తెరిచినప్పుడల్లా ఆ కాళ్ళు కనపడి నోరు మూసుకుంటున్నాను. ఈయన్ని బంగారంలాంటి పేషెంటు అంటుంది ఆ పిల్ల, ఒక్క మాట అనరు, ఒక్కసారి బెల్లు కొట్టరు అని. ఊపిరి పీల్చడం కూడా మానేశారమ్మా, ఇంకా బంగారమే!

ఇందాక ట్రే పట్టుకుని వచ్చింది. సూది, నొప్పి మందు చిన్న సీసా. నేను లేచి మంచానికి అడ్డం నిలబడ్డాను. వద్దు అన్నాను. డాక్టరుగారు రాశారు కదా ఆంటీ అంది. రాసినాయన్ని రమ్మను అన్నాను. రౌండుకి వస్తారుగా, నాలుగింటికి అంది. అయితే అప్పుడే ఇద్దువుగాని, ఆయన ఇమ్మంటే ఇద్దువుగాని, నేనేం అనను అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది, ఈయన మొహంలోకి చూసింది, చాలాసేపు చూసింది. సరే, రౌండు దాకా ఆపుతాను, కానీ డాక్టరుగారు ఇమ్మంటే మాత్రం నేనేం చేయలేను, నా చేతిలో లేదు అంది. ఆ ట్రే ఇప్పుడు గూట్లో ఉంది, మీద గుడ్డ కప్పి. ఆయన వచ్చి, ఈయన లేచి, చెయ్యి నుదుటికెత్తి, కొంచెం నొప్పుందండీ అన్నారంటే ఆ గుడ్డ తీస్తారు. ఆ సూది లోపలికి వెళ్ళాక ఇక ఈ ఛాతీ లేస్తుందని నాకు నమ్మకం లేదు. ఇంతకంటే తేలిగ్గా ఎవరికి చెప్పగలను?

అందుకే ఇవాళ ఎవరూ ఈయన్ని లేపకూడదు. వదినగారికి అదే చెప్పాను, రాగానే. అప్పటికే గుడ్డ తడిపి చేతిలో పట్టుకుంది.

"వదినా, ఇవాళ మొహం తుడవద్దు."

"అదేం మాటే? డాక్టరొచ్చే వేళకి జిడ్డు మొహంతో పడుకోబెడతావా నా తమ్ముణ్ణి?"

"జిడ్డు మొహంతోనే చూడనీ ఆయన్ని. లేపితే బాగున్నానంటారు. బాగా లేరు."

"లేవలేని స్థితిలో ఉన్నాడని వాళ్ళకి తెలిస్తే ఇక లాభం లేదని వదిలేస్తారే. నీకు తెలీదు వీళ్ళ సంగతి. మనిషి చురుగ్గా ఉన్నాడని కనపడాలి."

అదీ ఆవిడ భయం. నాకు తట్టనేలేదు ఇన్నాళ్ళూ, అంత గుడ్డ పెట్టి రుద్దడం వెనక ఏముందో. ముసలాడేలే అని చూసీచూడనట్టు పోతారని, తమ్ముడు ఇంకా పనికొచ్చే మనిషేనని చూపించాలని ఆవిడ తాపత్రయం. ఏమనాలి? ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఉంటే బాగుండు. మనిషి బాగున్నట్టు కనపడితే ఇంకాస్త మందు, బాగా లేనట్టు కనపడితే ఇంకెందుకు మందు, ఇదేం న్యాయం, ఇది ఏ కోర్టులో చెల్లుతుంది? ఆవిడ గుడ్డ పిండుతూ స్టూలు మీద కూర్చుంది, మూతి ముడుచుకుని. నేను మంచానికి ఇటు, ఆవిడ అటు. మధ్యలో ఈయన ఒకసారి గర్రుమన్నారు. చూశావా ఎంత హాయిగా గురకపెడుతున్నాడో అంది వదినగారు. ఏడ్చినట్టే ఉంది హాయి. గురక ఒకటా ఇది, నీళ్ళలో మునుగుతున్నవాడు నోరు పైకెత్తుకోవడం ఇది. నా అరచెయ్యి ఆయన ఛాతీ మీద ఉంది. లేచింది. దిగింది. ఇంక రావయ్యా, మళ్ళీ రా. ఏం మనిషివయ్యా నువ్వు, ఎవరు పిలిచినా లేస్తావు, మీటరు కుర్రాడు పిలిస్తే లేస్తావు, నేను మనసులో ఇంత పిలుస్తున్నానే, వినపడదా? హమ్మయ్య, వచ్చింది. ఈసారి ఇంకా ఆలస్యంగా వచ్చింది. కొట్టి లేపాలనిపిస్తోంది. లేపితే ఈ గండం గడుస్తుంది, తర్వాత గండం సూదితో వస్తుంది. లేపకపోతే ఈ క్షణానికే ఏమవుతుందో తెలియదు. పెళ్ళాన్నా నేను, శత్రువునా? భర్త ఊపిరి ఆగుతుంటే చెయ్యి మీద వేసుకుని, ఆగనీ, డాక్టరు చూడాలి అని కూర్చున్న ఆడది లోకంలో ఇంకొకర్తి ఉంటుందా? ఈ గతికి నన్నెవరు తెచ్చారు? నోటితో చెబితే ఒక్కరైనా నమ్మితే నాకీ పని ఎందుకు?

కిర్రు. వచ్చేస్తున్నాడు. వరండా ఆ చివర.

లేచాను. వదినా, నీకు దండం పెడతాను, ఆ గుడ్డ ముట్టుకోకు, ఊపిరి మాత్రం చూస్తూ ఉండు, నేనిప్పుడే వస్తాను అని పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. తలుపు దగ్గర ఆయనకి ఎదురు వెళ్ళి నిలబడ్డాను. చిన్నవాడే, నలభై కూడా ఉండవు, కోటు చేతులు పొడుగై మడతపెట్టుకున్నాడు. ఏంటమ్మా అన్నాడు. బూట్లు విప్పండి అన్నాను. ఏమిటీ అన్నాడు. మా ఆయన మీ బూట్ల చప్పుడుకి లేస్తారు, లేస్తే బాగున్నానంటారు, మీరు ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు, ఆయన చచ్చిపోతారు, అందుకని బూట్లు విప్పి, నోరు మెదపకుండా వచ్చి, ఒక్క నిమిషం నిలబడి చూడండి, తర్వాత మీరేం చేసినా నేను మాట్లాడను అన్నాను. అంతా ఒకే ఊపిరిలో. ఆయన నవ్వాడు. వెక్కిరింత నవ్వు కాదు, అలసిపోయిన మనిషి నవ్వు, అదే నన్నింకా మండించింది. అమ్మా, ఇంకా మూడు వార్డులున్నాయి నాకు, మీవారు బాగానే స్పందిస్తున్నారు, నిన్న కూడా మాట్లాడాను అన్నాడు. మీరు మాట్లాడారు కాబట్టే ఆయన మాట్లాడారు, మీరు లేనప్పుడు ఆయన ఊపిరి కూడా పీల్చటం లేదు అన్నాను. అప్పుడు నా వెనకనుంచి ఆ నర్సు పిల్ల, ట్రే లేకుండా వట్టి చేతులతో, సార్ ఒక్కసారి, నేను కూడా ఎప్పుడూ పిలిచే చూశాను సార్, పిలవకుండా చూడలేదు అంది. డాక్టరు నవ్వు ఆగింది. గోడకి చెయ్యి ఆన్చి ఒక బూటు విప్పాడు, ఇంకోటి విప్పాడు. ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు.

ముగ్గురం దొంగల్లా లోపలికి వచ్చాం. దూరంనుంచే చూశాను, వదినగారు లేచి నిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ. ఎంత చెప్పినా వినలేదు, మొహం తుడిచేసింది, ఇక లేస్తారు, చెయ్యి ఎత్తుతారు, అయిపోయింది అనుకున్నాను. అరిచి ఆపుదామంటే ఆ అరుపుకే లేస్తారు. వదినగారు కదలడం లేదు. గుడ్డలోంచి నీళ్ళు కారి ఆవిడ పాదాల మీద పడుతున్నాయి, ఆ సంగతి కూడా తెలియడం లేదు ఆవిడకి. తుడవడానికే వంగినట్టుంది, దగ్గరికి వంగి చూసి ఆగిపోయినట్టుంది. ఆవిడ నా వైపు తిరిగింది. ఎప్పుడూ నా మీద గెలవాలని చూసే ఆ మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. నేను చూశాను, డాక్టరు చూశాడు. ఛాతీ లేవడం లేదు. దిగిన ఛాతీ దిగినట్టే ఉంది. డాక్టరు నోరు తెరిచాడు పిలవడానికి, అలవాటు కదా ఆయనకీ, తెరిచి మూసుకున్నాడు. మేం నలుగురం ఆ మంచం చుట్టూ నిలబడి ఒక మనిషి ఊపిరి పీల్చకపోవడం చూశాం. పెదవులు నీలంగా మారుతున్నాయి. మిషను మీద అంకె ఇంకా బాగానే ఉంది, సిగ్గులేని అంకె. తర్వాత అది కూడా దిగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత అంతా ఒక్కసారిగా జరిగింది. డాక్టరు గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచాడు, రొమ్ము మీద పిడికిలితో గట్టిగా రుద్దాడు, పెద్దాయనా, పీల్చండి, పీల్చండి అని అరిచాడు. ఈయన, పిచ్చి మారాజు, ఆ గొంతు వినపడగానే ఊపిరికంటే ముందు చెయ్యి ఎత్తబోయారు. నుదుటి దాకా వెళ్ళలేదు ఆ చెయ్యి, దుప్పటి మీదే కొట్టుకుంది. వద్దయ్యా, నాకు సలాములొద్దు, ఊపిరి పీల్చు అన్నాడు డాక్టరు. నర్సు పరిగెత్తింది, వేరే సీసా తెచ్చింది, చేతి గొట్టంలోంచి కొంచెం ఎక్కించారు, చూశారు, ఇంకొంచెం ఎక్కించారు. ఆక్సిజన్ పెట్టి ఉండటంతో అంకె మోసం చేసిందమ్మా, మేం పిలిచి పిలిచి మోసపోయాం అన్నాడు డాక్టరు, నా వైపు చూడకుండా. సంజాయిషీలు తర్వాత చెప్పవయ్యా, ముందు పని చూడు అన్నాను. ఒక ఊపిరి వచ్చింది. ఇంకోటి వచ్చింది. మధ్యలో ఎడం లేకుండా మూడోది. వదినగారు ఆ తడిగుడ్డ తన మొహానికే అదుముకుని భోరుమంది.

ఈయన కళ్ళు తెరిచారు. ఈసారి ఎవరి కోసమో తెరిచిన కళ్ళు కావు. నా వంక చూశారు, పైకప్పు వంక చూశారు, తర్వాత ఆ మొహం మెల్లగా ముడుచుకుపోయింది. విరుగుడు మందు నిద్రతో పాటు నొప్పి మందుని కూడా ఊడ్చేసిందట. తుంటి కోసిన నొప్పంతా ఒక్కసారిగా మీద పడింది. అమ్మా అని అరిచారు. కోర్టు గొంతు. వార్డు కిటికీలు అదిరాయి. చచ్చిపోతున్నానే, ఇంజెక్షన్ వేయించవే, నీ కాళ్ళు పట్టుకుంటానే అన్నారు నాతో. ఇందాక ఏ సూదికి అడ్డం నిలబడ్డానో దాన్నే అడుగుతున్నారు. దీనికోసమా నేను కొట్లాడింది? నిద్రపుచ్చితే ఊపిరాగుతుంది, లేపితే ప్రాణం తోడేసే నొప్పి, మధ్యలో మనిషి బతికే జాగా లేదా? ఎందుకు లేదు? కొంచెం మందిచ్చి, పక్కన కూర్చుని చూసి, ఇంకొంచెం ఇవ్వాలి, అదేగా. కూర్చోవడానికి మనిషి లేడు. మనిషి లేనిచోట మందు పోశారు, అంతే జరిగింది ఇక్కడ, ఇంకేం లేదు.

"నన్నెందుకు లేపావే," అన్నారు పళ్ళు బిగించుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే. "హాయిగా పోయేవాణ్ణి కదే."

"మీరు పోతే మీకు హాయి. మరి నాకు? నాకు మీరు కావాలండీ," అన్నాను. ఇన్నేళ్ళలో ఈ మాట ఎప్పుడూ అనలేదు, ఇంతమంది ముందు అసలు అనలేదు. "అరవండి. ఎంత అరుస్తారో అరవండి. ఇవాళ మీ నోరు మూసేవాడెవడో నేనూ చూస్తాను."

అరిచారు. నా మణికట్టు పట్టుకుని, గోళ్ళు దిగేలా పట్టుకుని అరిచారు. నర్సు పిల్ల నోటివెంట అలవాటుగా, ష్, తాతగారూ, పక్కవాళ్ళు పడుకున్నారు అన్న మాట వచ్చేసింది, వచ్చాక ఆ పిల్లే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు చిన్న సూదిలో చుక్కలు చుక్కలుగా నొప్పి మందు తీసి, ఇది కొంచెమే, దీని తర్వాత అరగంట ఇక్కడే కూర్చుని చూడాలి అన్నాడు ఆ పిల్లతో. ఎవరు సార్ అంది ఆ పిల్ల. పొగరుతో అడగలేదు, నిజంగానే అడిగింది. డాక్టరు వార్డంతా ఒకసారి చూశాడు. ఇటు వరస, అటు వరస, నోళ్ళు తెరుచుకుని పడుకున్న మనుషులు. వదినగారు స్టూలు ముందుకి లాక్కుని ఈయన ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చుంది.

పక్క మంచం మీది ముసలావిడ కూతురు అప్పటికే తల్లి చెంప మీద తడుతోంది. ఇంత అరుపులోనూ ఆవిడ కదల్లేదు. అమ్మా లే, డాక్టరుగారు ఇటే వస్తున్నారు, లేచి కూర్చో అంటోంది. డాక్టరు ఆ మేజోళ్ళ కాళ్ళతోనే రెండంగల్లో వెళ్ళి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు.

"లేపకమ్మా," అన్నాడు. "ముందు నన్ను చూడనీ."